గంపాసురుడి గుప్పిట

రత్నకూటం అనే రాజ్యంలో ఒకనాటి పొద్దున జనం నిద్ర లేచేసరికి మూటల్లోనూ, ముంతల్లోనూ, బొడ్డులోనూ దాచుకున్న నాణేలన్నీ కుండపెంకులై ఉన్నాయి. గగ్గోలు పెడుతూ కోటకు పరుగెత్తితే అక్కడ రాజు ధవళకేతుడు లేడు, ధాన్యపు కొట్లలో గింజ లేదు. పెంకులు జీతంగా పుచ్చుకునే సైనికుడు ఎక్కడైనా ఉంటాడా? వాళ్ళంతా తలో దారి పట్టారు. మంత్రులు ఎటు పోయారో నేటికీ తెలియదు. తెలిస్తే నేనే వెళ్ళి నాలుగూ దులిపి వచ్చేవాణ్ణి.

రాజ్యం కూలినంత మాత్రాన ఆకలి ఆగదు కదా. జనం కోట తలుపులు తెరిచి, రాజుగారి కొలువుకూటంలోనే సంత పెట్టుకున్నారు. కుండ ఇచ్చి జొన్నలు, జొన్నలు ఇచ్చి ఉప్పు మార్చుకునేవారు. ఇవ్వడానికి సరుకు లేనివాడు పని చేసిపెట్టి కూడు తీసుకునేవాడు. మంగలి గడ్డం గీస్తే రైతు వంకాయలు పెట్టేవాడు, కమ్మరి కొడవలి పళ్ళకు కక్కు కొడితే సాలెవాడు తువాలు నేసి ఇచ్చేవాడు. కొలత అయ్యాక పైన ఓ పిడికెడు కొసరు వేయడం ఆ సంత కట్టుబాటు. కొసరు పడితేనే బేరం తెగినట్టు. పడకపోతే ఎవరి వస్తువు వాళ్ళు వెనక్కి తీసుకుపోవచ్చు, అవతలివాడు నోరెత్తకూడదు.

ఆ సంతలో గురివి నోటికి జడవని మనిషి లేడు. పదహారేళ్ళ పిల్ల, ఒళ్ళు పుల్ల, మాట మిరపకాయ. ఆమె తల్లి అంకాలమ్మ మంత్రసాని. ఊళ్ళో సగం మంది ఈ లోకంలోకి వస్తూ మొదట తాకింది ఆమె చేతులనే. పురుడు పోసినందుకు ముట్టిన పప్పో పాత చీరో తల్లి తెచ్చి ఇస్తే, గురివి దాన్ని సంతలో రెండింతలకు మార్చుకొచ్చేది. తల్లి పని మాత్రం నేర్చుకోలేదు. రక్తం చూస్తే ఆ పిల్లకు కళ్ళు తిరిగేవి.

తర్వాత రెండేళ్ళు వానలు ముఖం చాటేశాయి. సంతలో మార్చుకోవడానికి ఏమీ మిగలని రోజున గంపాసురుడు వచ్చాడు. తాటిచెట్టంత రాక్షసుడు, వీపున ఇల్లంత గంప, ఒక చేతిలో కుంచం, రెండో చేతిలో కుంచం మీద గింజల్ని చదును చేసే కర్ర. సంత నడుమ కూర్చుని, మీ పని నాకిచ్చి కుంచెడు జొన్నలు పట్టుకుపొమ్మన్నాడు. ఒకరోజు చాకిరీ అడుగుతున్నాడనుకుని కుమ్మరి ముందుకు వెళ్ళాడు. రాక్షసుడు అతని చెయ్యి పట్టుకోగానే వేళ్ళలోంచి ఆవిరి లాంటిదొకటి లేచి గంపలో ఉన్న ఒక ఎండు సొరబుర్రలోకి పోయింది. మర్నాడు సారె ముందు కూర్చుంటే మట్టిని ఏం చేయాలో కుమ్మరి చేతులకు తెలియలేదు.

అది చూశాక కూడా మిగతావాళ్ళు ఎందుకు ఇచ్చారని మీరు అడగవచ్చు. కడుపు నిండినవాడు అడిగే ప్రశ్న అది. పిల్లలు ఆకలితో ఏడుస్తుంటే సాలెవాడు తన నేత ఇచ్చేశాడు, కమ్మరి తన కొలిమి పని ఇచ్చేశాడు. తెచ్చుకున్న జొన్నలు పది రోజులకు అయిపోయాయి. చేతులుండీ చేతకానివాళ్ళు మిగిలారు.

గురివి అప్పుడు జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. పదకొండో రోజున లేచి గంజి తాగింది. కాళ్ళ మీద నిలబడగలిగాక గానీ ఆ గంజి ఎక్కడిదో తెలియలేదు. ఆ పూటే అక్క సింగారి నడుం నొప్పి అంది. సింగారికి నెలలు నిండాయి. అంకాలమ్మ అలవాటు కొద్దీ కూతురి కడుపు మీద చెయ్యి వేసి, నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకుంది. బిడ్డ తల ఎటుందో ఆ చేతికి తెలియలేదు. చుట్టుపక్కల నలభై ఊళ్ళలో మరో మంత్రసాని లేదు.

"ఎంతకిచ్చావమ్మా?" అని అడిగింది గురివి.

"రెండు కుంచాలు. నీ నోట్లో గంజి పొయ్యాలి కదే."

"నన్ను పోనివ్వాల్సింది."

"మళ్ళీ ఆ మాటన్నావంటే చెంప పగులుద్ది" అంది అంకాలమ్మ. ఆ తర్వాత తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చుండిపోయింది.

గురివికి తల్లి మీద కోపం వచ్చింది. ఆ గంజితో బతికినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. రాక్షసుడి మీద కోపం, అందరికంటే ఎక్కువగా చెప్పాపెట్టకుండా పారిపోయిన రాజు మీద కోపం. అంత కోపం పెట్టుకుని ఇంట్లో కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. పౌర్ణమికి పదకొండు రోజులుంది, ఆలోపే కాన్పు. రాక్షసుడి గుహ తూర్పున ఏడుబొర్రల కొండలో ఉంది, నాలుగు రోజుల నడక. అమ్మ పనితనం తీసుకునే తిరిగొస్తానని అక్కకు చెప్పి, ఒక దువ్వెన, ఒక కొడవలి మూటకట్టుకుని బయలుదేరింది.

రెండోనాడు నల్లకనుమ దగ్గర దారికి అడ్డంగా ఒక ఎలుగుబంటి కూర్చుని ఉంది. అది మాటలు నేర్చిన జంతువు. దారి కావాలంటే ఏమిస్తావని అడిగింది. దాని బొచ్చు నిండా పల్లేరుకాయలు పట్టి, గోక్కుని గోక్కుని పుళ్ళు పడి ఉన్నాయి. గురివి మధ్యాహ్నం దాకా కూర్చుని దువ్వెనతో ఒక్కో ముల్లూ తీసింది. తీసినంతసేపూ రాజును తిడుతూనే ఉంది. ఆ రాజు నీకేమవుతాడని ఎలుగుబంటి అడిగింది. ఏమీ కాడనీ, చుట్టమైతే ఇంకా తిట్టేదాన్ననీ గురివి చెప్పింది. అది దారి వదిలాక కూడా గురివి కదలకుండా నిలబడి కొసరు అడిగింది. ఎలుగుబంటి తల గోక్కుని, ఒక తేనెపట్టు ముక్క విరిచి చేతిలో పెట్టింది.

మూడోనాడు ఒక వాగు పక్కన, కప్పు ఎగిరిపోయిన పర్ణశాలలో ఒక ముని కళ్ళు మూసుకుని కనిపించాడు. గంపాసురుడి సంగతి తెలుసునా అని గురివి అడిగితే తెలుసునన్నాడు. జనం పనులు పోగొట్టుకుంటున్నారని కూడా తెలుసునన్నాడు. గురివికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"తెలిసి కూడా ముక్కు మూసుకుని కూర్చున్నారా స్వామీ? దిగివచ్చి ఒక్క మాట చెబితే మీ తపస్సు అరిగిపోతుందా?"

ముని కళ్ళు తెరిచి, ఇంతవరకూ తనను అడిగిన వాళ్ళు లేరన్నాడు. ఈ మాటకు గురివి ఇంకా మండిపడింది. అడిగితేగాని అన్నం పెట్టనివాడిది కూడా ఒక పెట్టడమేనా అంది. ముని కోపగించుకోలేదు. కప్పు వేసిపెడితే తనకు తెలిసింది చెబుతానన్నాడు. గురివి పొద్దు వాలేదాకా కొడవలితో రెల్లు కోసి, కట్టలు కట్టి, కప్పు నేసింది. అప్పుడు ముని గుహకు దారి చెప్పాడు. లోయ దగ్గర ఒక యక్షిణి ఉందనీ, ఆమె మాటలు మెత్తగా ఉంటాయనీ చెప్పి మళ్ళీ కళ్ళు మూసుకోబోయాడు.

"కొసరేదీ?" అంది గురివి.

ముని మొదటిసారి నవ్వాడు. "కత్తితో వాణ్ణేమీ చేయలేవమ్మా, కత్తి తిప్పే విద్యనే లాగేసుకుంటాడు. వాడి బలమంతా తెగిన బేరాల్లో ఉంది. తెగని బేరం ఒక్కటి వాడి దగ్గర బయటపడిందా, వాడికి నూకలు చెల్లినట్టే" అన్నాడు.

అది విని గురివికి నిరాశే కలిగింది. జనం పని ఇచ్చారు, వాడు గింజలు కొలిచాడు, ఇంకేం తెగాలి? వాడు కొలిచిన రోజున తాను జ్వరంలో ఉంది కాబట్టి కొలత ఎలా సాగిందో ఆమె చూడలేదు. ముసలాయన ఉత్త మాటలతో సరిపెట్టాడని గొణుక్కుంటూ నడిచింది.

నాలుగోనాటికి ఆమె అరికాళ్ళు బొబ్బలెక్కి పగిలాయి. లోయ అంచున తామరకొలను పక్కన యక్షిణి ఎదురైంది. చేతిలో చల్లని నీళ్ళు, వెనుక గాలిలో తేలుతున్న పల్లకి. ఆమె గురివి పాదాలు ఒళ్ళో పెట్టుకుని కడిగింది. ఆ పల్లకి ఎక్కితే రెప్పపాటులో అవతలి గట్టున ఉంటావంది. బదులుగా బంగారం వద్దు, పని వద్దు అంది.

"నీ కోపం ఇచ్చెయ్, తల్లీ. అది నిన్ను కాల్చేస్తోంది. అది పోతే ఎంత సుఖంగా ఉంటావో తెలుసా?"

గురివి నిజంగానే ఇవ్వబోయింది. అన్ని రోజుల్లో ఆమెతో మెత్తగా మాట్లాడింది యక్షిణి ఒక్కతే. కోపం పోతే హాయిగా నిద్రపోవచ్చు. ఆ తర్వాత గుహలోకి వెళ్ళి రాక్షసుడితో ఏం మాట్లాడాలి? పోనీలే, మా రాత ఇంతేనని దండం పెట్టి తిరిగి రావాలా? ఇంట్లో అక్క కడుపు మీద చెయ్యి వేసి తీసేసిన అమ్మ ముఖం గుర్తొచ్చింది. గురివి పాదాలు వెనక్కి లాక్కుంది. నా దగ్గర ఉన్నదే అదొక్కటి, అది నాకు కావాలి అని చెప్పి లోయలోకి దిగింది. దిగి, ముళ్ళ పొదలు పట్టుకుని అవతలి గట్టు ఎక్కేసరికి రోజున్నర పట్టింది. ఆ రోజున్నరలో యక్షిణి ఇచ్చే సుఖాన్ని తలుచుకోని గంట లేదు.

గుహ లోపల పైకప్పు నుంచి వేల సొరబుర్రలు వేలాడుతున్నాయి. ఒకదాంట్లోంచి మగ్గం చప్పుడు, ఒకదాంట్లోంచి సుత్తి దెబ్బ, ఒకదాంట్లోంచి సారె తిరిగే సవ్వడి. ఒక మూల బుర్రలోంచి అప్పుడే పుట్టిన బిడ్డ ఏడుపు వినిపించింది. అది అమ్మదేనని గురివి గుర్తుపట్టింది. ఆ బుర్రల కింద ధాన్యపు బస్తాలు కొండల్లా పేర్చి ఉన్నాయి. ప్రతి బస్తా మీదా రాజముద్ర అయిన ఏనుగు బొమ్మ ఉంది. బస్తాల మధ్య గంపాసురుడు కూర్చుని ఉంటే, ఇరవై ఏళ్ళ అందగాడొకడు నెమలి ఈకలతో విసురుతున్నాడు. ఆ గద్దముక్కును గురివి పాత నాణేల మీద ఎన్నిసార్లు చూసిందో.

"నువ్వు ధవళకేతుడివి కదూ?" అంది.

రాజు విసురుతూనే ముఖం తిప్పుకున్నాడు. ఆఖరికి ఒప్పుకున్నాడు. అరవై ఏళ్ళు నిండగానే ముసలితనం అంటే భయం పట్టుకుందట. గంపాసురుడు యౌవనం ఇస్తానన్నాడట. రాజముద్రిక, ధాన్యపు కొట్ల తాళాలు ఇచ్చి తీసుకున్నాడట. ముద్రిక చెయ్యి మారగానే నాణేలు పెంకులవుతాయని తనకు తెలియదట.

"అంతకు మించి నేనేమీ చేయలేదు" అన్నాడు.

కంచె చేను మేయడం వినే ఉంటారు. ఈ కంచె మేసిన చేను పక్కనే కూర్చుని రాక్షసుడికి విసురుతోంది. చెబుతుంటే నాకే ఒళ్ళు మండుతోంది, ఇక గురివి సంగతి చెప్పాలా? ఆమె గొంతుకు గుహలోని బుర్రలన్నీ ఊగాయి.

"మా గింజలు వీడికిచ్చావు. మా గింజలే మాకు కొలిచి వీడు మా అమ్మ చేతుల్ని పట్టుకుపోయాడు. నీకు ముడతలు పడకూడదని మా ఊళ్ళో బిడ్డలు పుట్టడం మానుకోవాలా?"

రాజు బస్తాల వెనక్కి జరిగాడు. గంపాసురుడికి మాత్రం చిరాకు వచ్చింది. తన బేరాల్లో మోసం లేదన్నాడు. గింజలు ఎక్కడివైతేనేం, వచ్చినవాడి కళ్ళముందే కుంచం నింపి, కర్రతో చదును చేసి పోశానన్నాడు. "ఒక్క గింజ తక్కువ పడిందని ఒక్కడితో చెప్పించు" అని రొమ్ము చరుచుకున్నాడు.

గురివి నోరు ఠక్కున ఆగిపోయింది. సంతలో పెరిగిన పిల్ల చెవికి ఆ మాటలో ఏదో వెలితి తగిలింది.

"ఎక్కువ పడిందా?" అని అడిగింది.

"ఎక్కువా? నేనెందుకు వేస్తాను?"

"కొలిచాక కొసరు వేశావా? మా అమ్మకు? కుమ్మరికి? ఎవరికైనా?"

వేయలేదని రాక్షసుడు గర్వంగానే చెప్పాడు. ఆకలితో చెయ్యి చాపినవాళ్ళకు కొసరు అడగడానికి నోరు రాలేదని గురివికి అప్పుడు అర్థమైంది. ఆ సిగ్గు తలుచుకుంటే ఆమెకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అయినా గొంతు తగ్గించలేదు.

"నువ్వు బేరమాడింది మా సంతలో. మా సంతలో కొసరు పడని బేరం తెగినట్టు కాదు. మా పనులు మావే. ఇచ్చెయ్."

పైన బుర్రలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. గంపాసురుడి ముఖం పాలిపోయింది. ఇంతేనా, ఇప్పుడే వేస్తానంటూ పక్క బస్తాలో చెయ్యి పెట్టి పిడికెడు జొన్నలు తీశాడు. ఆ జొన్నలు పడితే బేరాలన్నీ తెగిపోతాయి, ఇక అమ్మ చేతులు ఎన్నటికీ రావు. ఆ పిడికిలి గురివి తల మీదుగా చాచి ఉంది.

పిడికిలి తెరుచుకోలేదు. పుట్టింది మొదలు ఆ చెయ్యి ఏదో ఒకటి పుచ్చుకోకుండా ఏదీ విడిచి ఎరగదు. ఊరికే ఇవ్వడానికి వేళ్ళు ఎలా విప్పాలో దానికి తెలియదు. గంపాసురుడు రెండో చేత్తో వేళ్ళు లాగాడు, పళ్ళతో కొరికాడు, రాతికేసి కొట్టాడు. రాజును పిలిచి గుంజమన్నాడు. "నువ్వైనా బదులుగా ఏదో ఒకటియ్యి, నీ తల వెంట్రుకైనా ఇయ్యి" అని గురివిని బతిమాలాడు. గురివి చేతులు కట్టుకుని నిలబడింది.

మొదటి బుర్ర ఫెడేల్మని పగిలింది. ఆ వెనుక వరసగా బుర్రలు పేలుతుంటే మగ్గాలు, సుత్తులు, పాటలు, పసిబిడ్డల ఏడుపులు గాలిలో కలిసి పడమటికి సాగిపోయాయి. ఒక్కో బుర్ర పగిలేకొద్దీ రాక్షసుడు కుంచించుకుపోయాడు. చివరికి వేలి నుంచి రాజముద్రిక జారిపోయేలా తొండంత అయి, ఆ పిడికిలి మూసుకునే రాళ్ళ సందులో దూరాడు. రాజుగారి నల్లని జుట్టు తెల్లబడింది, పొట్ట వేలాడింది, మోకాళ్ళు వణికాయి. గురివి అతని నెత్తిన ఒక జొన్నల బస్తా ఎత్తింది. మిగతావి ఊరి జనం వచ్చి తీసుకుపోతారనీ, ఇది మాత్రం తానే మోయాలనీ చెప్పింది. రాజు బస్తా మోసుకుంటూ నడిచాడు.

తిరుగుదారిలో రెండేళ్ళ వాన ఒక్కసారిగా కురిసింది. అమ్మ చేతులకు పని తిరిగి వచ్చిందో లేదో తెలియక గురివి రాజును గొడ్డును తోలినట్టు తోలుకొచ్చింది. పౌర్ణమి నాటి మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి లోపల సింగారి అరుపులు వినిపిస్తున్నాయి. తెల్లవారకముందే నొప్పులు మొదలయ్యాయట. అంకాలమ్మ తల ఎత్తకుండానే, వేళ్ళు అయిదు రోజుల నాడు చురుక్కుమన్నాయనీ, ఇప్పుడు అన్నీ తెలుస్తున్నాయనీ చెప్పింది. తెలిసినదేమిటంటే బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తోంది.

"నా రెండు చేతులూ చాలవే. రా, అక్కను పట్టుకో. వేడినీళ్ళు పెట్టమను."

ఊళ్ళో పుల్లలన్నీ వానకు నానిపోయాయి. పెంకులు మళ్ళీ నాణేలయ్యాయని జనం చెప్పుకుంటున్నారు గానీ, ఆ పూట ఎన్ని నాణేలు పోసినా పొడి పుల్ల ఒక్కటి దొరికేలా లేదు. ఎండిన కర్ర ఎక్కడుందో గురివికి తట్టింది. గుమ్మంలో నిలబడి రాజుతో చెప్పింది.

"కొలువుకూటంలో నీ సింహాసనం ఉంది. టేకుది. పోయి కొట్టుకురా."

ధవళకేతుడు ఆమె ముఖం చూశాడు. లోపలి నుంచి మరో అరుపు వినిపించింది. అతను గొడ్డలి అందుకున్నాడు. సింహాసనం కాళ్ళు, చేతులు, వీపుబల్ల చీల్చి మోసుకొచ్చి, పొయ్యి ముందు చతికిలబడి ఊదాడు. చెంపలు తడిశాయి. పొగ వల్లనేనని ఎవరూ అడగకుండానే చెప్పాడు.

లోపల గురివికి కళ్ళు తిరిగాయి. పళ్ళు బిగించి, అక్క వీపును రొమ్ముకు అదుముకుని, తల్లి ఎటు తిప్పమంటే అటు తిప్పింది. అంకాలమ్మ వేళ్ళు తొందర లేకుండా వెతుక్కుంటూ వెళ్ళాయి. ముందు కాళ్ళు, తర్వాత నడుము, ఒక్కో చెయ్యి, ఆఖరున తల. బిడ్డ నీలంగా ఉంది. అంకాలమ్మ బోర్లించి వీపు మీద రుద్దింది. ఏడవలేదు. మళ్ళీ రుద్దింది. అప్పుడు ఆడపిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపులో ఎంత కోపం ఉందో అది ఏ పిన్ని పోలికో చెప్పనక్కరలేదు. గురివి కూడా వెక్కి వెక్కి ఏడ్చింది.

సాయంత్రం సంత జనమంతా బిడ్డను చూడ్డానికి వచ్చారు. ఇకమీదట రత్నకూటానికి పెద్దగా గురివే ఉండాలన్నారు. తానెక్కడ కూర్చోవాలని ధవళకేతుడు మెల్లగా అడిగితే, కూర్చోవడం తర్వాత, ముందు ఏ పని చేయగలవో సంతలో చెప్పమని గురివి అంది. ఎంత ఆలోచించినా అతనికి పొయ్యి ఊదడం ఒక్కటే తేలింది. దానికీ గిరాకీ ఉందని కుమ్మరి కుండలు కాల్చే తన ఆవం దగ్గరికి తీసుకుపోయాడు.

అందరూ వెళ్ళాక గురివి తల్లి పక్కన కూర్చుంది. ఇంకెప్పుడూ ఆ పనితనం ఎవరికీ ఇవ్వనని మాటివ్వమంది. అంకాలమ్మ బిడ్డకు పొత్తిగుడ్డ చుడుతూ తల అడ్డంగా ఊపింది.

"మళ్ళీ నీకట్టా జ్వరమొస్తే మళ్ళీ ఇచ్చేస్తాను. నేనంతే. అందుకే నువ్వూ నేర్చుకో. నాది పోయినా నీది ఉంటుంది."

గురివికి మళ్ళీ కోపం వచ్చింది. ఇంత కష్టపడి తెచ్చినదాన్ని అంత తేలిగ్గా ఎలా ఇచ్చేస్తావని చాలాసేపు తల్లితో పోట్లాడింది. పోట్లాడి పోట్లాడి అలిసిపోయి, మొదట ఏం నేర్పుతావో చెప్పమంది.

"ముందు చేతులు కడుక్కో" అంది అంకాలమ్మ.

గురివి రత్నకూటాన్ని చాలాకాలం ఏలింది. పగలు సంతలో తగవులు తీర్చేది, కబురొస్తే లేచి పురుడు పోయడానికి పోయేది. ఆమె కోపం ఏమైందంటారా? ఎక్కడికీ పోలేదు, ఊరికి కాపలా కాసింది. నాకు తెలిసింది ఇంతే. ఇక మీరు లేచి మీ పనులు చూసుకోండి, నేనూ పోయి నా పొయ్యి రాజేసుకుంటాను.